హంసలదీవి కనిపించలేదు

బందరులో మా పెళ్లికార్డుల ప్రెస్సు. మావారితో కలిసి దాన్ని పెట్టిన రఫీ అన్నయ్య కంప్యూటర్లకు దివిసీమ ఊళ్ల పేర్లు పెట్టారు. డిజైన్లు చేసేవి నాగాయలంక, కోడూరు. ప్రింటరు హంసలదీవి. "కృష్ణమ్మ సముద్రంలో కలిసేది అక్కడేగా! మన పనంతా చేరేదీ ఇక్కడికేనమ్మా" అనేవారు.

రఫీ అన్నయ్య పోయిన మరుసటి మాఘమాసంలో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేయించాం. పొద్దున్నే చూస్తే కంప్యూటర్లకు ప్రింటరు కనిపించడంలేదు. ఎదురుగా పసుపు గిన్నెతో చల్లపల్లి పెళ్లికూతురి తండ్రి. మొదటి కార్డుకు అక్కడే పసుపు పెట్టాలని ఆయన పట్టుదల.

"వర్జ్యం వచ్చేస్తోందమ్మా! ఇంకెప్పుడిస్తారు?" అని అరిచేసరికి షాపులో అందరూ నావైపే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మెకానిక్ వచ్చి చూశాడు. "పాత నెట్‌వర్క్ మాడ్యూల్ కొత్త సిస్టమ్‌లో పనిచేయట్లేదండీ. కొత్తది వేసి సెట్టింగులు మళ్లీ పెడతాను. ఈ ఊళ్ల పేర్లెందుకండీ, నంబర్లిచ్చేద్దామా?"

"వద్దు బాబూ, అవే ఉంచు."

కాసేపటికి తెర మీద హంసలదీవి కనిపించింది. ప్రింటరు గరగరమంది. వర్జ్యానికి ముందే కార్డు పెద్దాయన చేతిలో పడింది.

గిన్నెలో మిగిలిన పసుపు అడిగి ప్రింటరుకు బొట్టు పెట్టాను. ఏటా సీజన్ మొదట్లో ఇలా బొట్టు పెట్టమని గుర్తుచేసేది రఫీ అన్నయ్యే.