మిస్డ్ కాల్ మీద నడిచిన మౌనవ్రతం

2015లో వానలు పట్టకముందు నన్ను శృంగవరపుకోట అవతల, కొండల కింద ఉన్న ఒక కరెంటు సెక్షన్‌కు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లు ఇంకా కొలువుల్లో ఉన్నారు. నేను ఈ శాఖలోకి స్తంభాలకు గోతులు తవ్వే కూలీగా వచ్చినవాణ్ణి. ముప్పై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దాను. నా రాతలో నునుపు వెతకొద్దు.

మా పని తెలియనివాళ్లకు ముందు ఒక సంగతి చెప్పాలి. సబ్‌స్టేషన్ నుంచి కొన్ని ఊళ్లకు పోయే లైనును ఫీడర్ అంటాం. దాని మీద పని ఉంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్.సి. అడగాలి. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. ఎక్కడ పని, ఎవరు ఎక్కుతున్నారు అన్నీ చెప్పాలి. షిఫ్టులో ఉన్న ఆపరేటర్ బ్రేకర్ తీసి, అంటే ఆ ఫీడర్‌కు కరెంటు ఆపి, ఒక నెంబరు చెబుతాడు. లైన్‌మన్ ఆ నెంబరు తిరిగి అప్పజెప్పాలి. పని ముగిసి అందరూ దిగాక, ఎల్.సి. తీసుకున్నవాడే నోటితో దాన్ని తిరిగి ఇవ్వాలి. అప్పుడే కరెంటు వేస్తారు. ఇంత జరిగినా, ఎక్కినవాడు తీగ ముట్టకముందు ఎర్తు రాడ్డు తగిలించాలి. పొడుగాటి కర్ర, చివర కొక్కెం, దానికి భూమిలోకి దిగిన తీగ. లైన్లో కరెంటు ఉంటే మనిషిని వదిలి భూమిలోకి పోవడానికి అది దారి.

ఆ సబ్‌స్టేషన్‌లో పగటి ఆపరేటర్ పైడిరాజు. వరస లేకపోయినా నన్ను బావా అనేవాడు. పని తెలిసినవాడే. నోరే మురికి కాలువ. ఎల్.సి. అడిగితే ముందు నీ అమ్మ, నీ బాబు అన్నాకనే బ్రేకర్ దగ్గరికి లేచేవాడట. ఇంట్లోనూ అదే భాష. పెళ్లాం విసిగి కన్నవారింటికి పోయింది. అప్పుడు ఇతగాడికి భయం వేసింది. సెలవు పెట్టి ఎక్కడో ధ్యాన శిబిరానికి పోయి, బుద్ధుడి అష్టాంగ మార్గం నేర్చుకొచ్చాడు. సమ్యక్ వాక్కు అన్న దగ్గర మనవాడు ఆగిపోయాడు. నా జబ్బు ఇక్కడే ఉందనుకుని, పొద్దు పొడిచిన దగ్గర నుంచి మధ్యాహ్నం భోజనం దాకా మౌనం పట్టాడు.

ఆ రోజుల్లో అదొక గాలి. మా జిల్లాల్లో కొండకో బౌద్ధుల ఇటుకల దిబ్బ ఉంది. ఆదివారాలు వాటి మీద కూర్చుని బిర్యానీ పొట్లాలు విప్పేవాళ్లే తప్ప పట్టించుకున్నవాడు లేడు. అలాంటిది ఉన్నట్టుండి ప్రతి ఆఫీసులోనూ కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లు బయలుదేరారు. మా ఏఈ, అంటే సెక్షన్‌కు పెద్ద, మీటింగులో పైడిరాజును లేపి నిలబెట్టి అందరిచేత చప్పట్లు కొట్టించాడట. ఆపరేటర్ నోరు మూసుకుంటే ఫోను ఎవరెత్తుతారని ఆయన అడగలేదు.

ఆ చిక్కు పైడిరాజే విప్పుకున్నాడు. పొద్దున పూట ఎల్.సి. కావాలంటే అతని సెల్లుకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. అతను బ్రేకర్ తీసి తిరిగి మిస్డ్ కాల్ ఇస్తాడు. పనయ్యాక లైన్‌మన్ ఇంకో మిస్డ్ కాల్ ఇస్తే కరెంటు వేసి, మళ్లీ అతనొకటి ఇస్తాడు. నెంబరు లేదు, అప్పజెప్పడం లేదు. లైన్‌మన్లు సంతోషంగా ఒప్పుకున్నారు. తిట్లు తప్పాయి, ఫోన్లో పైసలూ మిగిలాయి. నేను చేరిన వారంలో ఈ ఏర్పాటు సంగతి నాతో ఒక్కడూ అనలేదు.

ఒకరోజు పొద్దున కొండవార ఊరికి పోయే ఫీడర్ మీద పింగాణీ గిన్నె పగిలింది. తీగను స్తంభానికి తగలకుండా పట్టే గిన్నె అది. లైన్‌మన్ సింహాచలం ముందు వెళ్లాడు. నేను బండి మీద చేరేసరికి అతను స్తంభం పైన నడుముకు తాడు బిగిస్తున్నాడు.

"ఎల్.సి. నెంబరెంతరా?" అన్నాను కింద నుంచి.

"నెంబరేటి బాబూ, కాల్ వచ్చీసినాది."

"కాల్ వస్తే? పైడిరాజు ఏటన్నాడు?"

"ఆడు పొద్దున్నే మాటాడడు కదా. దీచ్చలో ఉన్నాడు."

"మరి రాడ్డేసేవా?"

"రెండు నిమసాల పనికి రాడ్డెందుకు బాబూ. లైను తీసీసినాడు."

"నీ పెళ్లానికి జవాబు నేను సెప్పలేనురా. రాడ్డు ఏసి ముట్టు. లేదంటే దిగిపో."

గొణుక్కుంటూ తాడుతో రాడ్డు పైకి లాక్కున్నాడు. కొక్కెం తీగకు తగిలీ తగలకముందే పిడుగు పడ్డట్టు పేలింది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ దానంతట అదే పడిపోయి కరెంటు ఆగింది. సింహాచలం తాడు మీద వేలాడాడు. దింపి చూస్తే కుడి చేయి మోచేతి దాకా కమిలింది, కనుబొమలు మాడిపోయాయి. ప్రాణం ఉంది. ఆటోలో ఆస్పత్రికి పంపే ముందు అడిగితే జరిగింది చెప్పాడు.

కొండవార సిగ్నల్ అంతంత మాత్రం. సింహాచలం మిస్డ్ కాల్ ఇచ్చాడు. పైడిరాజు లైను తీసి తిరిగి కొట్టాడు. అది ఇతని ఫోనుకు చేరలేదు. కాల్ అందలేదనుకుని ఇతను రెండోసారి కొట్టాడు. రెండో కాల్ అంటే పని అయిపోయిందని కదా లెక్క. పైడిరాజు కరెంటు వేసేసి, వేశానని కాల్ ఇచ్చాడు. ఈసారి సిగ్నల్ దొరికింది. లైను తీశాడనుకుని సింహాచలం స్తంభం ఎక్కాడు. అంత తొందరగా గిన్నె ఎలా మార్చావని పైడిరాజు ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. అడగాలంటే నోరు తెరవాలి.

నేను సబ్‌స్టేషన్‌కు వెళ్లేసరికి పైడిరాజు పడిపోయిన బ్రేకర్ ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, చిత్తుకాగితం మీద "ఏమైంది?" అని రాసి చూపించాడు. కాగితం లాక్కుని చించేశాను.

"సింహాచలం సెయ్యి కాలిపోనాది. ఇప్పుడైనా నోరు తెరుస్తావా, ముహూర్తం సూడాలా?"

అప్పుడు మాట వచ్చింది. ముందు ఏడుపు, తరవాత మాట. "నా నోటి మూలంగానే ఇల్లు పాడైపోనాది బావా. దాన్ని అదుపులో ఎట్టుకుందామనుకున్నాను."

సమ్యక్ వాక్కు అంటే నీకు ఏం చెప్పారో చెప్పమన్నాను. అప్పజెప్పాడు. అబద్ధం ఆడకు, చాడీలు చెప్పకు, కటువుగా మాట్లాడకు, ఊసుపోని మాటలొద్దు. ఇందులో డ్యూటీలో ఫోనెత్తొద్దని ఎక్కడుందని అడిగాను.

"తిట్టినన్నాళ్లూ ఆళ్లకి సెవులే నొప్పెట్టేయి. నువ్వు బాగుపడ్డాక ప్రాణం మీదకొచ్చింది," అన్నాను. కటువుగానే అన్నాను. ఆ మార్గంలో నేను చేరలేదు.

విచారణలో ఏఈ సిగ్నల్ లోపమని రాయబోయాడు. టవరు మౌనం పట్టలేదు, మనిషి పట్టాడు, అలా రాస్తేనే నేను సంతకం పెడతానన్నాను. రాశాడు. పైడిరాజుకు ఇంక్రిమెంటు ఆగింది. సింహాచలానికి రెండు వేళ్లు ఇప్పటికీ సరిగ్గా ముడుచుకోవు. ఏఈకి చప్పట్లు కొట్టించినందుకు ఏ మెమో రాలేదు.

తరవాత నేను బదిలీ అయ్యేలోపు పైడిరాజు ఫోనులో మాటలు నాకు కంఠతా వచ్చాయి. "ఎవరు మాటాడతన్నారు? ఏ ఫీడరు? నెంబరు తిరిగి సెప్పు. అందరూ దిగీసినారా? నీ కళ్లతో సూసేవా?" అందులో తిట్టు లేదు, తీపి లేదు, ఎక్కువ మాట లేదు. వాళ్ల ఆవిడ తిరిగి వచ్చిందో లేదో నేను అడగలేదు. అది సబ్‌స్టేషన్ వ్యవహారం కాదు.

ఆ సెక్షన్‌లో నాకు తెలిసింది ఇది. తనను తాను బాగుచేసుకుంటున్నానని ఎవడైనా చెబితే, వాడు మానేసిన పని ఎవడి నెత్తిన పడిందో చూడాలి. తిట్టే నోరు మూసుకోవడం సులువు, దానికి శిబిరం కూడా అక్కర్లేదు. తిట్టకుండా దాన్ని తెరిచి, అడగాల్సింది అడగడం కష్టం. ఆపరేటర్‌కు జీతం ఇచ్చేది దానికే.