జేవియర్ గారి లాస్ట్ క్వశ్చన్

జేవియర్ గారు ఎవరినీ రెండో ప్రశ్న అడగనివ్వరు. మొదటి ప్రశ్న ఇంకా సగంలో ఉండగానే కుడి చెయ్యి పైకెత్తి, "లాస్ట్ క్వశ్చన్ అండీ, లాస్ట్ క్వశ్చన్" అనేస్తారు. ఆయన సినిమాలకు పీఆర్వో. ఫిల్మ్‌నగర్‌లో ఏళ్ల తరబడి ప్రెస్‌మీట్లు నడుపుతున్న మనిషి. విలేకరులకు పది ఫోన్లు చేసి పిలిపించి, కుర్చీల్లో కూర్చోబెట్టి, కాఫీలిచ్చి, తీరా వాళ్లు నోరు తెరిచే వేళకు మూయించడమే ఆయన వృత్తి అని కొత్తలో నేను అనుకున్నాను.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజూ అంతే. ఆయన ఆఫీసంటే దోసెల హోటల్ పైన ఒక గది. కొవ్వూరు నుంచి మోసుకొచ్చిన సర్టిఫికెట్ల ఫైలు నేను విప్పబోతుంటే, "ఎండలో నిలబడగలవా అమ్మా?" అని అడిగారు. నిలబడగలనన్నాను. వెంటనే చెయ్యెత్తి, "లాస్ట్ క్వశ్చన్. పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?" అన్నారు. లేదన్నాను. కింద నుంచి దోసె వచ్చింది. ఫైలు విప్పకుండానే నేను మీడియా అసిస్టెంట్‌నయిపోయాను.

మీడియా అసిస్టెంట్ అంటే ఏం చేస్తారో మా అమ్మకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. టీవీలో కనిపిస్తానని ఊరంతా చెప్పింది. కనిపిస్తాను, కాదనను. హీరో భుజం వెనక మోచెయ్యి వరకూ కనిపిస్తాను. చానళ్ల లోగోలున్న మైకులన్నీ టేబుల్ మీద పేర్చడం నా మొదటి పని. ప్రతి చానల్ వాళ్లకూ తమ లోగో హీరో గడ్డం కిందే ఉండాలి. హీరోకు ఉన్నది ఒకటే గడ్డం. ఆ తగవు తీరాక వైర్‌లెస్ మైకు పట్టుకుని విలేకరుల వరసల మధ్య పరుగులు, ఆ తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో ప్రెస్‌నోట్లు. మధ్యలో కనపడిన ప్రతివాళ్లనూ అన్నా అనాలి, అక్కా అనాలి, నవ్వాలి. సాయంత్రానికి కాళ్లూ గొంతూ నవ్వూ మూడూ అరిగిపోయేవి. జూబ్లీహిల్స్ కార్ల మధ్య నత్తనడక నడిచే బస్సులో కమ్మీ పట్టుకుని, మధురానగర్ హాస్టల్ చేరేదాకా నిలబడే నిద్రపోయేదాన్ని.

ఇంత చాకిరీ చేసి, నాలుగో వరసలో చెయ్యెత్తినాయన దగ్గరకు రొప్పుకుంటూ మైకు చేరవేస్తానా, సరిగ్గా అప్పుడే స్టేజీ పక్క నుంచి ఆ చెయ్యి లేచేది. అయిపోయింది ప్రెస్‌మీట్. నాకు ఒళ్లు మండిపోయేది.

ఈ జబ్బు ఆఫీసుతో ఆగలేదని వెంగళరావు నగర్‌లోని వాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు తెలిసింది. ఆయన భార్య మేరీ ఆంటీ పెళ్లిచూపుల సంగతి చెప్పారు. "అబ్బాయి ఎక్కడ పనిచేస్తాడని మా నాన్నగారు అడిగారు. ఏం పని అని అడిగేలోపే ఈయన చెయ్యెత్తేశారు. ఏం పనో నాకు ఈ రోజుకీ సరిగా తెలీదమ్మా." బీపీ చూసే డాక్టరు ఉప్పు తగ్గించారా అని అడిగి, పచ్చళ్ల దగ్గరకు వచ్చేసరికి అదే వరస. చర్చిలో ఒక ఆదివారం ఫాదర్ గారు, మనిషి తనను తాను వేసుకోవలసిన మూడు ప్రశ్నలున్నాయని ప్రసంగం మొదలుపెట్టారట. రెండోదాని దగ్గరే ఈయన చెయ్యి లేస్తుంటే ఆంటీ పట్టుకుని కిందికి లాగారు.

విలేకరులకైతే ఆయనంటే ప్రేమ, కసి రెండూ ఉండేవి. సినిమా పేజీ చూసే శ్యామలాదేవి గారు ఎవరినీ ఊరికే వదిలే మనిషి కాదు. హాల్లోకి వస్తూనే, "జేవియర్ గారూ, ఇవాళ లాస్ట్ క్వశ్చన్‌తోనే మొదలుపెడతాను, సరేనా" అనేవారు. ఆయన వినయంగా తల ఊపేవారు. ఊపి, ఆవిడ తాను చెప్పిన మాట మీద నిలబడేలా చూసేవారు. ఒకసారి కొత్త హీరోయిన్‌ని ఆగిపోయిన నిశ్చితార్థం గురించి అడగబోతుండగా ఆపేశారు. ఇంకోసారి పాతకాలపు హాస్యనటుడొకాయన, తాను నటించిన సినిమా పేరు గుర్తురాక స్టేజీ మీద దిక్కులు చూస్తుండగా ఆపేశారు. వెనకాల బిర్యానీ చల్లారిపోతుందని ఈయన తొందర కాబోలు అనుకున్నాను.

ఇలా ఉండగా నర్సింహ గారి సినిమా వచ్చింది. ఆయన ప్లాట్ల వ్యాపారంలోంచి సినిమాల్లోకి దిగిన నిర్మాత. ఇదే తొలి సినిమా. మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. సినిమా శుక్రవారం విడుదలైతే, అది ఘనవిజయం సాధించిందన్న ప్రెస్‌నోటు బుధవారమే రాసి పెట్టుకుంటాం. విడుదల రోజు కూర్చుని రాసే తీరిక ఎవరికీ ఉండదు. పైగా ఏ సినిమాకైనా మాటలు అవే. తొలి ఆట నుంచే ప్రేక్షకులు బ్రహ్మరథం పడుతున్నారు, థియేటర్లు కిటకిటలాడుతున్నాయి, నిర్మాత ఆనందానికి అవధుల్లేవు.

గురువారం పొద్దున, ఆ రోజు ప్రెస్‌మీట్ సంగతి వాట్సాప్ గ్రూపుల్లో ఇంకోసారి గుర్తుచేయబోయి, నిద్రకళ్లతో నేను ఈ నోటు పంపాను. నాకు తెలిసేసరికి విలేకరులు వచ్చి కూర్చున్నారు, స్క్రీన్‌షాట్లు ఊరంతా తిరిగేశాయి.

ఒక యూట్యూబ్ చానల్ విలేకరి నా చేతే మైకు పట్టించి ఆ నోటు మొత్తం భావయుక్తంగా చదివాడు. చదివి, రేపు విడుదలయ్యే సినిమాకు ఇవాళే బ్రహ్మరథం ఎలా పట్టారో నిర్మాత గారు చెప్పాలన్నాడు. హాలంతా గొల్లుమంది. కెమెరాలన్నీ లైవ్‌లో ఉన్నాయి. స్టేజీ మీద నర్సింహ గారి మొహం కందగడ్డలా అయింది.

"గిదేంది జేవియర్ సాబ్?" అన్నారు మైకులోనే. "నా ఇజ్జత్ పోయింది. గిది ఎవరు పంపిండ్రు? ఎవరైతే వాళ్లను గిప్పుడే ఇంటికి తోలుండ్రి."

ఫిల్మ్‌నగర్‌లో పేరు రావడానికి ఏళ్లు పడుతుంది, పోవడానికి ఒక్క వాట్సాప్ గ్రూపు చాలు. రేపటి నుంచి ఏ ఆఫీసుకు వెళ్లినా బ్రహ్మరథం అమ్మాయి వచ్చిందంటారు. అమ్మ ఊరంతా చెప్పుకున్న ఉద్యోగం ఇలా పోతుందని అనుకోలేదు. జేవియర్ గారి చెయ్యి లేస్తుందేమోనని అటే చూశాను.

లేచింది, కానీ మైకు అందుకోవడానికి.

"నేనే పంపానండీ. కళ్లజోడు లేకుండా నొక్కాను" అన్నారు.

హాల్లో ఎవరూ నమ్మలేదు. ఆయనకు వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మ పంపడం కూడా రాదు. దానికీ నన్నే పిలుస్తారు. శ్యామలాదేవి గారు నన్ను చూశారు, ఆయన్ని చూశారు, పెన్ను మూత పెట్టేశారు. మిగతావాళ్లు మాత్రం చేతికి చిక్కిన మనిషిని వదలదలుచుకోలేదు. ఏళ్ల తరబడి అడగనివ్వని మనిషి తానే ప్రశ్నల ముందు నిలబడితే ఎవరు ఊరుకుంటారు? అన్ని వరసల్లోనూ చేతులు లేచాయి.

ఫ్లాపయ్యే సినిమాలకు కూడా ముందే రాస్తారా అని ఒకాయన అడిగాడు. "రాస్తామండీ. ఏది ఫ్లాపో ముందే తెలిస్తే తీసేవాళ్లే ఉండరు కదా" అన్నారు. సినిమా చూశారా అని ఇంకొకాయన. "చూశానండీ. నర్సింహ గారి కష్టం ప్రతి సీనులోనూ కనిపించింది." అసలు బ్రహ్మరథం ఎలా ఉంటుందో చెప్పమన్నారు. "ఇన్నేళ్ల నుంచి రాస్తున్నానండీ, ఒక్కటీ ఎదురుపడలేదు."

హాలు నవ్వుతోంది. నర్సింహ గారు కూడా నవ్వారు. నన్ను అందరూ మరిచిపోయారు. నేను మైకు పట్టుకుని వరస వరసకూ పరుగెత్తుతూ, ఆ రెండు మాటలూ ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని ఎదురుచూస్తున్నాను. ఆయన అనలేదు. తన దాకా వచ్చేసరికి ఎన్ని ప్రశ్నలు అడిగినా నిలబడ్డారు. ఆ హీరోయిన్ మొహం, ఆ పెద్దాయన దిక్కులు చూడటం అప్పుడు గుర్తొచ్చాయి. ఆయన తొందర బిర్యానీ కోసం కాదని నాకు ఆ హాల్లో, ఆ పరుగుల మధ్య అర్థమైంది. ఇన్నాళ్లూ ఒళ్లు మండించుకున్నందుకు సిగ్గేసింది.

ఇంతలో మూడో వరసలో ఒకతను లేచి, "మీకు వయసు మీద పడింది కదా సార్, ఇంక ఇంట్లో కూర్చోక ఇలా తప్పులు..." అని అందుకున్నాడు. జేవియర్ గారు కళ్లజోడు తీసి, చేతి రుమాలుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడుస్తూనే ఉన్నారు.

మైకు నా చేతిలో ఉంది. నా బొటనవేలు స్విచ్ మీద ఉంది. నొక్కేశాను.

అతని నోరు కదులుతోంది, స్పీకర్లలో మాట రావడం లేదు. "మైకు పని చెయ్యట్లేదు సార్" అన్నాను గట్టిగా. జేవియర్ గారు స్టేజీ దగ్గర నుంచి వచ్చి మైకు తీసుకున్నారు. ఆఫ్‌లో ఉన్న స్విచ్‌ని చూశారు. నన్ను చూశారు. దాన్ని కోటు జేబులో పెట్టుకుని, "బ్యాటరీ అయిపోయిందండీ. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, రండి" అన్నారు. అందరికంటే ముందు శ్యామలాదేవి గారు లేచారు. ఆవిడ లేచాక ఇంకెవరు కూర్చుంటారు?

భోజనాల దగ్గర నా ప్లేటులో ఆయనే వడ్డించారు. ఎందుకు మీ మీద వేసుకున్నారని అడిగాను. "నన్ను పొమ్మంటే వెంగళరావు నగర్‌కి నడిచి పోతాను. నిన్ను పొమ్మంటే కొవ్వూరు బస్సెక్కాలి. అంత దూరం ఏడుస్తూ వెళ్లడం కష్టం కదమ్మా, తిను" అన్నారు.

నర్సింహ గారు వెళ్తూ వెళ్తూ, తరువాతి సినిమాకు వేరే పీఆర్వోను చూసుకుంటానని చెప్పేశారు. జేవియర్ గారు దానికి కూడా తల ఊపారు.

శుక్రవారం సినిమా విడుదలైంది. మ్యాట్నీకే ఖాళీ థియేటర్లలో సీలింగ్ ఫ్యాన్ల చప్పుడు వినపడింది. అయినా మన దగ్గర సినిమా పోయినంత మాత్రాన సక్సెస్‌మీట్ పోదు. శనివారం పొద్దున్నే నర్సింహ గారు ఫోన్ చేశారట. కొత్త పీఆర్వోలెవరూ రామన్నారో, ఈయనే నచ్చారో తెలియదు గానీ, "జర మీరే చూడుండ్రి సాబ్. ఆదివారం సక్సెస్‌మీట్ పెడుదాం" అన్నారట. జేవియర్ గారు నాకు ఫోన్ చేసి సంగతి చెప్పారు. కళ్లు మూసుకుపోతుండగా, నోటు ఏం రాయమంటారు సార్ అన్నాను.

"ఉంది కదమ్మా, అదే. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు."

"అది అందరి దగ్గరా ముందే ఉంది కద సార్."

"అయితే ఇంకేం, ఇవాళ్టి పని గురువారమే చేసేశావు. ఫోన్ ఆపేసి పడుకో" అన్నారు.

ఆ శనివారం నేను హాస్టల్లో చీకటి పడేదాకా నిద్రపోయాను.