వంటావార్పులో సముద్రపు నీళ్లు

2011లో, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, నేను హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ని. శాస్త్రవేత్తల కింద, అటెండర్ల పైన ఉండే హోదా. ఏడాదికోసారి ఒప్పందం పొడిగిస్తే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పాప పుట్టాక మానేశాను. తను నిద్రపోయాక దొరికే ఈ కాస్త సమయంలో, ఆ పని ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే వారి కోసం ఒక్క రోజు సంగతి రాస్తున్నాను.

మేము ఫోరామినిఫెరా మీద పని చేసేవాళ్లం. ల్యాబ్‌లో ముద్దుగా ఫోరామ్‌లు అనేవాళ్లం. సముద్రంలో ఉండే ఏకకణ జీవులు. ఒకే కణం, దాని చుట్టూ అది కట్టుకున్న సున్నపు గుల్ల. మాకు దొరికేవాటిలో పెద్దది కూడా గసగసాల గింజంతే. గుల్ల ఆకారాన్ని బట్టే పాతకాలం నుంచీ వీటికి జాతుల పేర్లు పెట్టారు. అయితే ఒక్కోసారి అచ్చంగా ఒకేలా ఉన్న రెండు గుల్లల్లోని డీఎన్ఏ చదివితే, అవి ఎప్పుడో విడిపోయిన రెండు జాతులని బయటపడుతుంది. బాపట్ల దగ్గర ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో దొరికే ఒక ఫోరామ్ విషయంలో మా ప్రాజెక్టు పెద్ద అయిన మేడమ్‌కి అదే అనుమానం. మాదీ బాపట్లే కాబట్టి, బురద తెచ్చే పని నాకు అప్పగించారు.

డీఎన్ఏ తీయడానికి ప్రాణమున్న కణమే కావాలి. చచ్చిన గుల్లలో మిగిలేది బురద, బ్యాక్టీరియా. సన్నని కుంచె మొనతో ఏరి, ట్యూబుకి ఒక్కటి చొప్పున వేసి, ద్రావణంలో చిన్న ప్లాస్టిక్ కడ్డీతో నలపాలి. నలిపాక జీవీ ఉండదు, గుల్లా ఉండదు; ద్రావణంలో చేరిన డీఎన్ఏ మాత్రం ఎండకీ చెడదు. అందుకని ఏది బతికుందో ముందే తేల్చుకోవాలి. కదలకుండా ఉంచితే, బతికున్నది సాలెపోగుల్లాంటి మిథ్యాపాదాలు చాచి చుట్టుపక్కల నలుసుల్ని లాక్కుంటుంది. కదిపితే ముడుచుకుపోతుంది. అప్పుడు చచ్చినదానికీ దానికీ తేడా తెలియదు.

మొగలో బురద తీసుకుని హైదరాబాద్ తిరిగి వస్తుంటే, మా ప్రైవేటు బస్సుని సమ్మె వాళ్లు తుర్కయంజాల్‌లో ఆపేశారు. అక్కడినుంచి కొంత ట్రాలీ ఆటోలో, కొంత నడిచి ఎల్బీ నగర్ చౌరస్తా చేరేసరికి బురద పెట్టిన డబ్బాలో ఐసు కరిగి నీళ్లు గోరువెచ్చనయ్యాయి. చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకు తిని, దారి బంద్ చేసే నిరసన అది. దిల్‌సుఖ్‌నగర్‌లో నా గదికి ఇంకా చాలా నడవాలి. ఆ ఎండకీ కుదుపుకీ ఇవి ఆగవు.

మూసిన దుకాణం అరుగు మీద గాజు పళ్లెం పెట్టి, బురద నీళ్లు పోసి, అరచేతిలో పట్టే మైక్రోస్కోపుతో చూశాను. ఒక్కటీ కదల్లేదు. కుంచెతో తట్టాను. తట్టకూడదని తెలిసీ మళ్లీ తట్టాను. కొద్ది రోజుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడితే మొగంతా మంచినీళ్లే. మళ్లీ ఇవి దొరికేది వేసవికి. నా ఒప్పందం అంతకు ముందే ముగుస్తుంది.

“ఏంది బిడ్డా, గా గిన్నెల మొకం వెట్టి ఏడుస్తున్నవ్?”

గరిటె పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. పేరు యాదమ్మ, నల్గొండ వైపు మనిషి, సమ్మెలో ఉన్న బస్సు కండక్టర్. సముద్రపు జీవులనీ, బతికున్నాయో లేదో తెలియడం లేదనీ చెప్పాను. ఆమె వంగి చూసి “ఉసికెనే గద” అంది. నా మాట తీరు విన్న ఇంకొకామె, “ఆంధ్రకెల్లి ఉసికె గూడ మోసుకొచ్చిర్రు” అని చురక అంటించింది. అందరూ నవ్వారు. నేను తలదించుకుని, చూడ్డానికి ఒకేలా ఉన్నా ఇవి రెండు జాతులేమో అన్నది మా పరీక్ష అని వివరించాను.

“ఒక్క తీరు కనవడ్డా ఏరే అంటున్నవ్. మేం రోడ్డు మీద కూసోని చెప్తున్నది గదే!” అంది యాదమ్మ. ఈసారి నేనూ నవ్వాను.

కష్టమంతా డప్పులతో వచ్చింది. ప్రతి దెబ్బకీ పళ్లెంలో నీళ్లు వణుకుతున్నాయి. వాళ్ల ఉద్యమంలో డప్పు ఆపమనడానికి నాకు నోరు రాలేదు. నసుగుతుంటే యాదమ్మే నా పళ్లెం వైపు చూసి అందుకుంది.

“అరేయ్ నర్సిమ్మా, జర డప్పాపు! ఈడ పిల్లలు పండుకున్నరు.”

“ధర్నాల డప్పాపుడేందక్కా? పోలీసోళ్లు గూడ ఆపమనలె!”

“అటు దిక్కు వోయి కొట్టుకోరాదు. అన్నమొండినంక పిలుస్త.”

డప్పులు చౌరస్తా అవతలికి వెళ్లాయి. అరుగు మీద ఎండ పడకుండా ఎవరో పాత చీర కట్టారు. నేను మళ్లీ కుంచె అందుకోబోతే యాదమ్మ నా చేతిలో విస్తరాకు పెట్టి, “నువ్వు సూసుకుంట కూసుంటే లేస్తయా? తిను” అంది. చేతికి పప్పన్నం అంటింది కాబట్టి పళ్లెం ముట్టుకునే వీల్లేకపోయింది. అరుగు మీద పెట్టినప్పటినుంచీ నేను దాని జోలికి పోకుండా ఉన్నది అప్పుడే.

చెయ్యి కడుక్కుని చూసేసరికి ఒక గుల్ల పక్కన సన్నని దారం. దాని మీద ఒక నలుసు మెల్లగా జరిగి వస్తోంది. కాసేపటికి ఇంకో గుల్లకీ దారం కనిపించింది. అన్నీ కాదు. ట్యూబులకు సరిపడా బతికే ఉన్నాయి.

సంచిలోంచి ద్రావణం ట్యూబులు తీసి, ఏరి నలపడం మొదలుపెట్టగానే యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. “బతికినయని సంబురపడ్డవ్. గిప్పుడు సంపుతవా?”

ఇలా తప్ప వీటి సంగతి తెలియదని చెప్పాను. ఆ జవాబు నాకే చాలదనిపించింది. ఆమె నా చెయ్యి వదిలి, “ఒక్కటన్నా ఇడిసిపెట్టు బిడ్డా” అంది. ట్యూబులన్నీ నిండాక నిజంగానే ఒకటి మిగిలింది. దాన్ని ఉప్పునీళ్లతోనే గదికి తీసుకెళ్లాను.

ల్యాబ్‌లో చాలా ట్యూబుల నుంచి డీఎన్ఏ చక్కగా వచ్చింది. రెండు జాతులని తేలింది. నా ఒప్పందం మరో ఏడాది పొడిగించారు.

ప్రాణం ఉందో లేదో కదిపి చూస్తే తెలియదని ఆ రోజు నేర్చుకున్నాను. చెయ్యి దూరంగా పెట్టుకుని, అది తనంతట తాను కదిలేదాకా ఆగాలి. పాప పుట్టిన కొత్తలో ఊపిరి ఆడుతోందో లేదోనని నిద్రలో తట్టి లేపేసేదాన్ని. ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని దుప్పటి వైపు చూస్తాను. అది పైకి లేచి, దిగుతుంది. అది చూశాకే పెన్ను పట్టుకుంటాను.