చేతికి గుర్తున్న పాస్‌వర్డు

మా ఆయనకు పక్షవాతం వచ్చింది ఒక ఉదయం పూట, కలిదిండి దగ్గర మా చేపల చెరువు గట్టు మీద. నాతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు. మాట మధ్యలో ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని నేను స్కూలుకు తయారవడంలో పడ్డాను. పది నిమిషాలకు చెరువు కాపలా అతను తన ఫోన్ నుంచి చేశాడు. "అమ్మగారూ, అయ్యగారు పడిపోయారండి. కారులో ఏలూరు తీసుకొస్తున్నామండి. ఫోను చెరువులో పడిపోయిందండి."

సమయానికే తెచ్చారన్నారు డాక్టరు గారు. ప్రాణానికి భయం లేదు. కుడి చెయ్యి, కుడి కాలు నెమ్మదిగా తిరిగి వస్తాయి. మాట ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు. మంచినీళ్ళు కావాలంటే "తలుపు" అనేవారాయన. అది తప్పని ఆయనకు తెలుస్తూనే ఉండేది. కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపేవారు.

డాక్టరు గారు రెండు విషయాలు అడిగారు. బీపీకి ఏ మాత్రలు వాడుతున్నారు, అంతకుముందు గుండెకు చేయించుకున్న పరీక్షల రిపోర్టులు ఎక్కడున్నాయి. రెండూ ఆయన మెయిల్లో ఉన్నాయని మాత్రమే నాకు తెలుసు. నేను పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని. అయినా మా ఇంట్లో కంప్యూటర్ పనులన్నీ ఆయనవే. పాస్‌వర్డులన్నీ ఆయన తలలోనే ఉండేవి. "రాసిపెట్టుకోవడమంటే దొంగకు తాళంచెవి ఇచ్చి రమ్మనడమే" అనేవారు, కాస్త గర్వంగానే. నేనూ ఎప్పుడూ అడగలేదు.

పరీక్షలు మళ్ళీ చేశారు. వైద్యానికి అడ్డమేమీ రాలేదు. ఇంటికి వచ్చాక ఆయన నంబరు మీదే కొత్త సిమ్ తీసుకుంటే, ఓటీపీలతో ఆయన ఖాతాలు చాలావరకు తెరుచుకున్నాయి. మెయిల్ ఒక్కటే తెరుచుకోలేదు. దానికి ఆయన ఎప్పుడో ఇచ్చిన నంబరు పాతది, వదిలేసి ఏళ్ళయింది. ఆ మెయిల్లోనే చెరువు కౌలు కాగితాలున్నాయి. రోజూ సాయంత్రం నీళ్ళు ఎలా ఉన్నాయో, చేపకు ఏ జబ్బు కనిపించిందో, ఏ మందు పనిచేసిందో తనకు తానే రాసి పంపుకునేవారు. పదేళ్ళ రాత అది. కొల్లేరు గాలికి నీళ్ళ రంగు ఎలా మారుతుందో అందులో ఉన్నంత వివరంగా ఇంకెక్కడా దొరకదు.

నా పుట్టినరోజు కొట్టి చూశాను. పెళ్ళిరోజు కొట్టాను. మా మామగారి పేరు, ఊరి పేరు, చేపల పేర్లు కూడా కొట్టాను. కొంతసేపు ఆగి ప్రయత్నించమంది స్క్రీన్.

మా వీధి చివర కంప్యూటర్ సర్వీసు సెంటర్ నడిపే ఆవిడను పిలిచాను. ఒకప్పుడు అదే గదిలో వాళ్ళ నాన్నగారు, ఒక ముస్లిం పెద్దాయన, రేడియోలు బాగుచేసేవారు. ఆవిడ వచ్చి, నేను ప్రయత్నించినవన్నీ విని, మెల్లగా అంది.

"ఇంక ఊహించి కొట్టకండి ఆంటీ, పూర్తిగా లాకైపోతుంది. అంకుల్ గారు మెయిల్ ఎందులో చూసేవారండి?"

"ఎక్కువగా ఈ పాత లాప్‌టాప్‌లోనేనమ్మా. వాడిన ప్రతిసారీ పాస్‌వర్డు కొట్టేవారు."

"అయితే చెయ్యి కాస్త తిరిగాక దీని ముందే కూర్చోబెట్టండి. మా నాన్నగారికి చివర్లో పేర్లేవీ గుర్తుండేవి కాదండి. రేడియో ఇస్తే మాత్రం వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి."

నెల పైన పట్టింది. ఒక ఆదివారం టిఫినయ్యాక లాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. చాలాసేపు కీబోర్డు వైపు చూశారు. తర్వాత కుడిచేతి చూపుడువేలితో, మధ్యమధ్య ఆగుతూ కొట్టారు. స్క్రీన్ మీద చుక్కలు పడ్డాయి. తప్పన్నది. ఆయన నొసలు ముడిచి, ఒక మూల వెలుగుతున్న చిన్న దీపం చూసి క్యాప్స్ లాక్ నొక్కారు. మళ్ళీ మొదటినుంచి కొట్టారు. మెయిల్ తెరుచుకుంది.

నాకు ఏడుపాగలేదు. "ఏంటండీ అది? ఏం కొట్టారు?" అన్నాను.

పెదవులు కదిపారు. "బం... బం..." రెండు చేతులూ ముందుకు చాపి హ్యాండిల్ పట్టుకున్నట్టు పెట్టి, కుడి మణికట్టు తిప్పారు. బండి! పెళ్ళికి ముందు ఆయన నడిపిన స్కూటరు. దాని నంబరు. నాకైతే ఆ బండి రంగు తప్ప ఏమీ గుర్తులేదు.

ఆ వారమే మా వదిన, అంటే ఆయన అక్క, తాడేపల్లిగూడెం నుంచి చూడటానికి వచ్చింది. సర్వీసు సెంటర్ ఆవిడ కూడా ఉంది. ఇకమీదట పాస్‌వర్డులు ఎలా దాచాలన్న మాట వచ్చింది.

"నాకో నోటుబుక్కుంది. బీరువాలో చీరల కింద పెడతాను. పుస్తకానికి చార్జింగ్ అక్కర్లేదు, మర్చిపోవడమూ లేదు" అంది వదిన.

"ఇంట్లోనే ఉంటే పుస్తకమూ మంచిదేనండి" అంది ఆవిడ. "కాకపోతే రాసుకునేవాళ్ళు అన్నింటికీ ఒకటే పెట్టేస్తారు. ఒకటి బయటపడితే అన్నీ పోయినట్టే. పాస్‌వర్డ్ మేనేజర్ అని యాప్ ఉంటుందండి. పెద్ద పాస్‌వర్డు ఒక్కటి గుర్తుంటే చాలు, మిగతావన్నీ అదే తయారుచేసి అదే దాస్తుంది."

"ఆ ఒక్కటీ మర్చిపోతేనో?" అంది వదిన.

"యాప్ కంపెనీ వాళ్ళు కూడా తీసివ్వలేరండి. అందుకని ఆ ఒక్కటీ కాగితం మీద రాసి నమ్మకమైన చోట పెట్టుకోవాలి."

నేను వెంటనే ఏర్పాట్లలోకి దిగాను. ఆయన పాస్‌వర్డులన్నీ మార్చేద్దాం, నేనే చూసుకుంటాను, అన్నీ నా ఫోన్లో పెట్టుకుంటాను అంటూ చెప్పుకుపోతున్నాను. ఉన్నట్టుండి టప్‌మని చప్పుడైంది. ఆయన లాప్‌టాప్ మూత వేసేశారు. అరచెయ్యి దాని మీద పెట్టి, నా వైపు చూసి, ఎంతో కష్టం మీద అన్నారు.

"నా... ది."

ఆ నెలలో ఆయన బట్టలు, తిండి, స్నానం, మాత్రలు అన్నీ నేనే నిర్ణయించాను. బదులు చెప్పలేని మనిషి ముందు కూర్చుని, ఆయన లేనట్టే ఆయన సంగతులు మాట్లాడుతున్నాను. సిగ్గేసింది. కుర్చీ ఆయన పక్కకు జరుపుకున్నాను.

"తప్పయిందండీ. మీరే చెప్పండి. పుస్తకమా, యాపా?"

వేలు సర్వీసు సెంటర్ ఆవిడ వైపు చూపించారు. యాప్. తర్వాత తననూ నన్నూ చూపించి రెండు వేళ్ళు ఎత్తారు. ఆవిడకు వెంటనే అర్థమైంది. "అలాగూ కుదురుతుందండి అంకుల్. ఇద్దరికీ కనిపించే అర ఒకటి, ఎవరిది వాళ్ళకు విడిగా ఒకటి." ఆయన తలూపారు.

పెద్ద పాస్‌వర్డుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు పెట్టుకోమంది ఆవిడ. మాట తిరిగి రావడానికి చేయిస్తున్న స్పీచ్ థెరపీలో వచ్చిన మాటల్లోంచి ఏరుకున్నారనుకుంటాను. నన్ను గదిలోంచి బయటికి వెళ్ళమని సైగ చేశారు. అరగంట తర్వాత కాగితం మడిచి, కవరులో పెట్టి, వంకరగా గమ్ము రాసి అతికించి అక్క చేతిలో పెట్టారు. వదిన దాన్ని తాడేపల్లిగూడెం తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది. ఈ రోజుకీ నేను ఆ కవరు తెరవలేదు.

వదినను బస్సెక్కించి వచ్చాక ఆయన నా ఫోన్ చూపించి అడిగారు. "నీ... ది?"

అప్పుడు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళుగా నావన్నీ ఒకటే పాస్‌వర్డు. స్కూలు లాగిన్, మెయిల్, రైలు టికెట్లు, అన్నింటికీ మా స్కూలు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ఆయన నవ్వారు. జబ్బు చేశాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నేనూ ఐదు మాటలు పెట్టుకుని, కాగితం మీద రాసి, కవరు ఆయనకిచ్చాను. ఎక్కడ దాచారో అడగలేదు.

ఆ పైన రోజూ సాయంత్రం రెండేసి పాస్‌వర్డులు మార్చేవాళ్ళం. మార్చడానికి బిగ్గరగా చదవనక్కర్లేదు. కానీ ఏదో ఒకటి పైకి చదవమన్నారు థెరపీ వాళ్ళు. యాప్ తయారుచేసిన అక్షరాలూ అంకెలూ ఒక్కొక్కటే పైకి చదివి, ఆ తర్వాత దాన్ని పక్కనపెట్టి అసలు పాస్‌వర్డుకు ఇంకొకటి తయారుచేయించేవారు. పాస్‌వర్డులన్నీ మార్చడం అయిపోయాక కూడా ఆ చదవడం మానలేదు. మొదట్లో ఒక్కో వరుసకు పది నిమిషాలు పట్టేది. వర్షాకాలం వెళ్ళేసరికి నిమిషంలో అయిపోయేది.

ఒకసారి మళ్ళీ వచ్చిన వదిన అది విని కంగారుపడింది. "ఒరేయ్, నెమ్మదిగా చదవరా! వీధిలో వాళ్ళు వింటారు."

ఆయన స్క్రీన్ మీంచి తలెత్తకుండా అన్నారు. "వింటే విననీ అక్కా. నాకే అర్థం కావట్లేదు, వాళ్ళకేం అర్థమవుతుంది?"

ఎక్కడా ఆగకుండా అంత పొడుగు మాట అన్నారని మా ఇద్దరికీ ఒక్క క్షణం ఆగి గాని తట్టలేదు. వదిన చీరకొంగుతో కళ్ళు తుడుచుకుని, కాఫీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళింది. ఆయన తర్వాతి వరుస మొదలుపెట్టారు.