నూట యాభై అయిదు

నల్లగొండలో నేను వెళ్ళే స్నూకర్ పార్లర్‌లో ఆదివారం గెలిచినవాడిదే బల్ల. ఓడినవాడికి కుర్చీ. నాకు ఆట రాదు, రికార్డులు వచ్చు. అందుకే అక్కడ నేనంటే ఎవరికీ గిట్టదు.

"ఆపకుండ కొడితే నూట నలభై ఏడు పాయింట్లే ఆఖరు కాదన్నా" అన్నాను ఆట మొదలయ్యే ముందు. "ముందుగాల ఎదుటోడు తప్పు కొట్టి, మనకు ఎర్రబంతులు కనబడకుండ చేసిండనుకో. రంగుబంతినే ఎర్రదని కొట్టొచ్చు. దాన్నే ఫ్రీ బాల్ అంటరు. నూట యాభై అయిదు దాక పోవచ్చు."

"నువ్వు పదిహేను దాటినవా ఎన్నడన్న?" అన్నాడు నా ప్రత్యర్థి, సెల్‌ఫోన్ దుకాణదారు.

దాటలేదు. కానీ మొదటి దెబ్బకే అతను తప్పు కొట్టాడు. తెల్లబంతి నల్లదాని వెనక దాక్కుంది, ఎర్రది ఒక్కటీ కనబడలేదు.

"ఫ్రీ బాల్!" అని అరిచాను.

పార్లర్ యజమాని ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "గీడ ఫ్రీ బాల్ లేదు. మొన్న దానికోసమే ఇద్దరు ఆటకట్టెలతోటి కొట్టుకున్నరు, తీసేసిన."

గురి చూసి కొట్టాను. ఎర్రబంతికి తగల్లేదు. తరువాతంతా అతనే ఊడ్చేశాడు.

"ఓ నూట యాభై అయిదూ, పోయి కుర్చీల కూసో" అన్నాడు.

ఇప్పటికీ అందరూ అలాగే పిలుస్తారు. అక్కడ నా పేరు మీదున్న పెద్ద స్కోరు అదొక్కటే.