కూచోండక్కా

అనంతపురం బట్టల షాపులో చీరలు చూపించే ఆమె గుర్తొస్తే, షావుకారు మీద ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరొచ్చినా స్టూలు జరిపి "కూచోండక్కా" అనేది. తాను మాత్రం కూర్చోకూడదు. పనివాళ్లు కూర్చుంటే గిరాకీ లేదనుకుంటారట, అది షావుకారు కట్టడి! పొద్దంతా నిలబడి నిలబడి ఆమె పిక్కల్లో నరాలు తాళ్లలా మెలితిరిగి ఉబ్బిపోయాయి.

ఒకరోజు నా కళ్లెదుటే ఒక నరం చిట్లి, పాదమంతా రక్తమైంది.

"ముందు ఆ పట్టుచీరలు తీయండప్పా, మరకలయితాయి!" గల్లా దగ్గర్నుంచి షావుకారు కేక.

నేను నేలమీద కూలబడి, నా చేతిలో ఉన్న కొత్త పట్టుచీరతోనే ఆమె కాలు బిగించి కట్టాను. "స్టూలు మీద కూచోమ్మా!" అని అరిచాను.

ఆమె షావుకారు వైపు చూసింది. స్టూలును నా వైపు జరిపింది.

"కింద కూచున్నారేందక్కా? దీనిమీద కూచోండి."