వదులు చేసిన మూతలు

పొద్దున పదయ్యేలోపు ఆయమ్మ పిల్లల ముప్ఫై తొమ్మిది స్టీలు అన్నం డబ్బాల మూతలు ఊడదీసి, మళ్ళీ పైపైన పెట్టింది. నలభయ్యోది ముట్టుకోలేదు.

ఆ రోజు బడిలో 'నా పని నేనే' పరీక్ష. ఐదేళ్ళ పిల్లలు అమ్మానాన్నల ఎదుట తమ డబ్బా తామే తెరవాలి. తెరిస్తే ఒకటో తరగతి, లేకపోతే ఇంకో ఏడాది ఈ గదిలోనే. దాదాపు ఎవరికీ మూత తీయడం రాదని టీచరుకి తెలుసు. అందుకే ముందురోజే చెవిలో వేసింది: "ఆయమ్మా, మూతలు కాస్త చూడు. పరువు పోకూడదు."

ఆయమ్మ పంతొమ్మిదేళ్ళుగా ఆ గదిలోనే ఉంది. ఏ బిడ్డ చదువులో నిలబడుతుందో డబ్బా దగ్గరే పసిగట్టేస్తుంది. అక్షరాలు గడగడా అప్పజెప్పినంత మాత్రాన బోల్తాపడే రకం కాదు. మూత రాలేదని డబ్బా విసిరినవాడు, లెక్క రాకపోతే పుస్తకమూ విసిరాడు. అలాంటివాళ్ళని ఎందరినో చూసింది.

నలభయ్యో డబ్బా చీమది. చిన్నగా ఉండి, ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండే పిల్ల కాబట్టి ఆ పేరు ఆయమ్మే పెట్టింది. మాట తక్కువ. మూత రాకపోతే ఏడవదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో అంచు చుట్టూ నెట్టుకుంటూ వస్తుంది. నాలుగు నెలలు పట్టింది నేర్చుకోవడానికి. దాని మూత కూడా వదులు చేస్తే ఆ పిల్లని అవమానించినట్టేనని ఆయమ్మకి అనిపించింది.

పరీక్ష మొదలైంది. మూతలు టపటపా లేచాయి, చప్పట్లు మోగాయి. "మావాడికి ఇంట్లో నేనే తినిపిస్తాను, ఇక్కడ చూడండి ఎంత చురుకో!" అని ఒక తల్లి మురిసిపోయింది.

చీమ అరచేయి గౌనుకి తుడుచుకుని అంచు నెడుతోంది. మూత సగం లేచింది.

"పాపం, చేతకాదేమో," అన్నారెవరో. టీచరు వచ్చి డబ్బా లాక్కుని మూత పీకేసింది. కాగితం మీద 'సహాయం అవసరం' అని రాసింది.

అందరూ వెళ్ళాక ఆయమ్మ టీచరుని నిలదీసింది. "ఇంకో నిమిషం ఆగుంటే తీసేది కదమ్మా! నిజంగా బిగించి ఉన్నది దానిదొక్కటే."

"వదులు చెయ్యమంటే ఎందుకు చెయ్యలేదు? నీ పెత్తనం వల్లే ఇదంతా." టీచరు గొంతు తగ్గించింది. "అయినా ఒక్కరైనా మిగలకపోతే ఇది పరీక్షంటే ఎవరు నమ్ముతారు? ఆ పిల్ల నాన్న నోరెత్తే మనిషి కూడా కాదు."

ఆయమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. పిల్లల వాంతులు, చీమిడి, తడిసిన లాగులు ఎత్తిపోసిన చేతులవి. ఎన్నడూ రోత పుట్టలేదు. ఆ రోజు రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా ఆ ముప్ఫై తొమ్మిది మూతల జిడ్డు పోలేదనిపించింది. నలభయ్యోది తలుచుకుంటే మరీ అసహ్యం. ఆ మూత వదులు చేయకుండా చీమకి అడ్డం పడింది తన గొప్పే.

కొత్త ఏడాది రెండో నెలకే ఒకటో తరగతి టీచరు మొత్తుకుంది: డబ్బాలు తెరవలేక ఏడుపులు, సంచుల జిప్పులు తెగడం, పుస్తకాలు విసరడం. బడివాళ్ళు ఆయమ్మని ఒకటో తరగతి ఉన్న పై అంతస్తుకి మార్చారు.

కింద పాత గదిలోనే ఉన్న చీమ తన డబ్బా మూత తానే తీసుకుని, పక్కనున్న ఇద్దరివీ తీసి పెడుతోంది.

పైన ఆయమ్మ రోజూ మధ్యాహ్నం ముప్ఫై తొమ్మిది మూతలు తీస్తోంది.